మక్కజొన్నలో కత్తెర పురుగు: సుడిలో దాక్కోక ముందే పట్టుకోవాలి

నెక్కొండ మండలంలో యాసంగి మక్కజొన్న వేసే రైతులు తరచూ అడిగే మాట ఒకటే: "రెండుసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు, ఎందుకు?" చాలా చేలల్లో లోపం మందులో ఉండదు, కొట్టిన సమయంలో ఉంటుంది.

కత్తెర పురుగు అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో, 2018లో కర్ణాటకలో కనిపించింది. అదే ఏడాది మన రాష్ట్రానికీ వచ్చింది.

గుర్తింపు

తల్లి రెక్కల పురుగు ఆకులపై గుంపుగా గుడ్లు పెట్టి నూగుతో కప్పుతుంది. రెండు మూడు రోజుల్లో పిల్ల పురుగులు వచ్చి ఆకును గోకుతాయి. ఆకుపై తెల్లని పొరల్లాంటి మచ్చలు పడతాయి. తర్వాత సుడిలోకి చేరి, తమ విసర్జనతోనే పైన మూసుకుంటాయి. అప్పుడు కొట్టిన మందు పురుగును తాకదు. ఎదిగిన పురుగు తలపై తిరగేసిన 'వై' ఆకారం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు ఉంటాయి.

చేను చూసే పద్ధతి

మొలిచిన వారం నుంచి వారానికి రెండుసార్లు చేనులో దిగండి. ఐదు చోట్ల 20 మొక్కల చొప్పున 100 మొక్కలు చూడండి. ఎన్ని మొక్కలకు మచ్చలుంటే అంత శాతం. ఎకరాకు 4-5 లింగాకర్షక బుట్టలు పెడితే పురుగు రాక ముందే తెలుస్తుంది.

నివారణ

• గుడ్ల గుంపులు కనబడితే చేతితో నలిపేయండి.
• మొదటి నెలలో పొడి ఇసుక 9 పాళ్లు, సున్నం 1 పాలు కలిపి సుడిలో వేయవచ్చు.
• 5 శాతం మొక్కలకు ఆశిస్తే: వేప మందు (అజాడిరక్టిన్ 1500 పి.పి.ఎం.) లీటరు నీటికి 5 మి.లీ.
• 10 శాతం దాటితే: ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. 0.4 గ్రా. లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. 0.4 మి.లీ. లీటరు నీటికి కలిపి, సుడి తడిసేలా ఉదయం లేదా సాయంత్రం కొట్టండి. రెండోసారి అవసరమైతే మందు మార్చండి.
• పురుగు పెద్దదైతే విషపు ఎర: తవుడు 10 కిలోలు, బెల్లం 2 కిలోలు, నీరు 2-3 లీటర్లు కలిపి ఒక రోజు పులియనివ్వండి. వేయడానికి అరగంట ముందు థయోడికార్బ్ 100 గ్రా. కలిపి, సాయంత్రం సుడుల్లో వేయండి.

జాగ్రత్తలు

ఎరను చేతి తొడుగులతోనే కలపండి. పిల్లలను, పశువులను, కోళ్లను దగ్గరకు రానివ్వకండి. మందు కొట్టిన లేదా ఎర వేసిన చేను నుంచి 30 రోజుల వరకు పశువులకు మేత కోయవద్దు. జల్లు వచ్చాక మందు ఖర్చు దండగ; కంకుల్లో పురుగు కనబడితే ఏరివేయండి.

పక్క చేను రైతుతో మాట్లాడి ఒకే వారంలో విత్తుకోండి. ముందూ వెనకా వేస్తే ముదురు చేను పురుగు లేత చేనుకు పాకుతుంది. అనుమానముంటే దెబ్బతిన్న మొక్కను తీసుకొని మీ రైతు వేదికకు రండి. చూశాకే మందు కొనండి.