ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్: పరిశోధన

హైదరాబాద్ గచ్చిబౌలిలో 2001లో తరగతులు మొదలుపెట్టిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ), బోధనతో పాటు పరిశోధననూ ప్రధాన బాధ్యతగా స్వీకరించిన మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ. దీని రెండో ప్రాంగణం 2012లో మొహాలీలో ప్రారంభమైంది.

ఇక్కడి పరిశోధన ముఖ్యంగా మూడు రూపాల్లో వెలువడుతుంది: విద్వత్ పత్రికల్లో వ్యాసాలు, తరగతి గదికి పనికివచ్చే కేస్ స్టడీలు, ప్రభుత్వాలకూ పరిశ్రమలకూ ఉద్దేశించిన నివేదికలు. వ్యాసం అచ్చయ్యే ముందు అదే రంగంలోని నిపుణులు దాన్ని పరిశీలించి సవరణలు కోరతారు. ఈ ప్రక్రియకు తరచూ ఏళ్లు పడతాయి. బిజినెస్ స్కూళ్ల పరిశోధనను పోల్చడానికి ఫైనాన్షియల్ టైమ్స్ ఎంచుకున్న 50 పత్రికల జాబితా, టెక్సస్ విశ్వవిద్యాలయం డల్లాస్ శాఖ వాడే 24 పత్రికల జాబితా ప్రపంచమంతటా ప్రామాణికంగా చెల్లుతున్నాయి.

ఐఎస్‌బీ ఆచార్యుడు కృష్ణమూర్తి సుబ్రమణియన్, ఆర్థికవేత్తలు విరల్ ఆచార్య, రామిన్ బఘాయ్‌లతో కలిసి 2014లో రివ్యూ ఆఫ్ ఫైనాన్షియల్ స్టడీస్‌లో ప్రచురించిన వ్యాసం విద్వత్ పత్రికల్లో వెలువడే పరిశోధనకు మంచి ఉదాహరణ. అన్యాయంగా ఉద్యోగం నుంచి తొలగించకుండా రక్షణ కల్పించిన అమెరికా రాష్ట్రాల్లో కొత్త ఆవిష్కరణలు పెరిగాయని వారు పేటెంట్ల లెక్కలతో చూపారు. పని ఫలించాక యజమాని తమను వదిలించుకుంటాడన్న భయం తగ్గితే ఉద్యోగులు మరింత శ్రమిస్తారన్నది వారి వివరణ. సుబ్రమణియన్ 2018లో భారత ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారుగా నియమితులయ్యారు.

సమాచార సాంకేతికత, ఆర్థిక విశ్లేషణ వంటి రంగాలకు సంస్థలో ప్రత్యేక పరిశోధన కేంద్రాలున్నాయి. ప్రభుత్వ విధానాలపై అధ్యయనాలను భారతీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ పాలసీ నిర్వహిస్తుంది.