నాలుగు వందల నమూనాలు

భారతదేశంలో హెచ్‌ఐవీ లెక్క 1986లో మద్రాసులో మొదలైంది. డాక్టర్ సునీతి సాల్మన్ మార్గదర్శనంలో విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాలను వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షించగా తొలి కేసులు బయటపడ్డాయి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, ఏర్పడింది. 1998 నుంచి కొన్నేళ్ళపాటు సెంటినెల్ సర్వే ఏటా జరిగింది. ఊరూరా అందరికీ పరీక్ష చేయడం కుదరదు గనుక, ఎంపిక చేసిన కొన్ని ఆసుపత్రుల్లోనే వైరస్ జాడను కనిపెట్టి ఉండటం ఈ పద్ధతి.

గర్భిణుల కేంద్రంలో మూడు నెలల వ్యవధిలో, వచ్చినవారిని వచ్చిన వరుసలోనే 400 మందిని తీసుకునేవారు. సిఫిలిస్ పరీక్షకు తీసిన రక్తంలో మిగిలిన దానికి పేరు తీసేసి, కోడ్ నంబరు వేసి ల్యాబుకు పంపేవారు. ఆరోగ్యం కోరి రథసప్తమికి జనం తరలివచ్చే అరసవల్లి నుంచి, పక్కనున్న శ్రీకాకుళానికి చూపించుకోవడానికి వెళ్ళిన ఒక గర్భిణి రక్తం ఇలాంటి సర్వేలో పడి, అందులో వైరస్ ఉన్నట్టు తేలినా, ఆ సంగతి ఆమెకు చేరే దారి ఉండేది కాదు. పేరు లేకపోవడమే ఆ లెక్కకు బలం. పరీక్షకు భయపడి తప్పుకునేవారు ఉండరు. అయినా అలాంటి తల్లికి జరిగేది అన్యాయమే. అమెరికాలో నవజాత శిశువుల రక్తంతో చేసే ఇలాంటి అజ్ఞాత సర్వేను 1995లోనే ఆపేశారు. మన దగ్గర తల్లి నుంచి బిడ్డకు సోకకుండా నెవిరపిన్ ఇచ్చే కార్యక్రమం, 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచిత ఏఆర్‌టీ (యాంటీ రెట్రోవైరల్) మందులు వచ్చాక, ఫలితం చెప్పి మందిచ్చే దారి తెరుచుకుంది.

వ్యాధి తక్కువగా ఉన్నచోట లెక్కించడం మరింత కష్టం. వెయ్యిమందిలో ఇద్దరికే వైరస్ ఉందనుకుంటే, 400 నమూనాల్లో ఒక్కటి దొరకడం కూడా అనుమానమే. ఒక ఏడాది సున్నా, మరో ఏడాది రెండు వస్తే వ్యాధి పెరిగిందనడానికి వీల్లేదు. పరీక్ష పొరపాటు దీనికి తోడు. వెయ్యికి అయిదుసార్లు తప్పుగా పాజిటివ్ చూపే పరీక్ష అయితే, నిజమైన ఇద్దరి పక్కన ఏ వ్యాధీ లేని అయిదుగురు నిలబడతారు. అందుకే ఒక్క పరీక్షతో ఎవరికీ హెచ్‌ఐవీ ఉందని చెప్పరు. వేరే కిట్లతో మళ్ళీ చూస్తారు.

ఆంధ్రప్రదేశ్ కథ దీనికి భిన్నం. ఇక్కడ లెక్క అసలుకన్నా ఎక్కువ చూపింది. 2004–05లో పరిశోధకుడు లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో జనాభా నుంచి ఎంపిక చేసినవారికి పరీక్షలు చేస్తే వయోజనుల్లో 1.72 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. సెంటినెల్ పద్ధతి ప్రకారం వేసిన బాధితుల అంచనా దానికి దాదాపు రెండున్నర రెట్లు. ప్రైవేటు వైద్యులు అనుమానం ఉన్నవారిని ప్రభుత్వాసుపత్రులకు పంపేయడం, ప్రభుత్వాసుపత్రులకు ఎక్కువగా పేదలే రావడం దీనికి ముఖ్య కారణాలు. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కలను పరీక్షించగా, రాష్ట్రంలో 0.97 శాతం, దేశంలో 0.28 శాతం అని తేలింది. 2007 జూలైలో నాకో దేశంలోని బాధితుల అంచనాను 52 లక్షల నుంచి 25 లక్షలకు సవరించింది. అంతకుముందు దేశాన్ని భయపెట్టిన అంకెలో సగం ఆసుపత్రి వరుసలు సృష్టించిందే.

గర్భిణులతోపాటు లారీ డ్రైవర్లు, వలస కార్మికులు, సెక్స్ వర్కర్లు, సూదితో మత్తుమందు ఎక్కించుకునేవారు కూడా సర్వేలోకి వచ్చారు. హైదరాబాదుకు, చెన్నైకి, గుజరాత్‌లోని వెరావల్ రేవుకు కూలికీ చేపల వేటకీ మగవాళ్ళు వెళ్ళే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు వలసల లెక్క మరీ అవసరం. మనిషి ఒకచోట, ఇల్లు మరోచోట ఉంటే ఏ కేంద్రం లెక్కలోనూ అతను సరిగా చేరడు.

2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, కొన్ని మినహాయింపులతో, సమ్మతి లేకుండా పరీక్ష చేయడాన్ని, స్థితిని బయటపెట్టడాన్ని నిషేధించింది. అది 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. నాకో 2021 అంచనా ప్రకారం వయోజనుల్లో దేశంలో 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. ఈశాన్యంలోని మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత స్థానం అప్పుడు ఆంధ్రప్రదేశ్‌దే.