కాలర్ ఎముక కీలు విడిపోతే శస్త్రచికిత్స ఎవరికి?

వాహనంపై నుంచి భుజం నేలకు తగిలేలా పడినప్పుడు, కాలర్ ఎముక చివర రెక్క ఎముక కొనతో కలిసే కీలు విడిపోవచ్చు. భుజం గూడు తప్పడం వేరు. రెండింటినీ ఒకటిగా పొరబడడం పరిపాటి. 1984 నాటి రాక్‌వుడ్ వర్గీకరణ ప్రకారం ఇందులో ఆరు రకాలున్నాయి. మొదటి రెండింటికి స్లింగ్, విశ్రాంతి, వ్యాయామాలు చాలు. చివరి మూడింటికి సాధారణంగా శస్త్రచికిత్స సూచిస్తారు. భిన్నాభిప్రాయాలన్నీ మూడో రకంపైనే.

2015లో వెలువడిన కెనడా అధ్యయనంలో మూడు నుంచి ఐదో రకం వరకు గాయపడినవారిలో కొందరికి కొక్కెం ప్లేటు అమర్చారు. తొలి నెలల్లో శస్త్రచికిత్స లేనివారే త్వరగా కోలుకున్నారు. రెండేళ్ల తరువాత చేతి పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాకపోతే, శస్త్రచికిత్స వద్దనుకుంటే భుజంపై ఎత్తు మిగిలిపోతుంది. ప్లేటును తీయడానికి సాధారణంగా మరో శస్త్రచికిత్స అవసరం. లోహపు బటన్లను గట్టి దారంతో బిగించే పద్ధతిలో ఆ ఇబ్బంది అంతగా ఉండదు. వారాలు గడిచేకొద్దీ తెగిన సంధిబంధనాలు అతుక్కునే అవకాశం తగ్గుతుంది. అందువల్ల పాత గాయాలకు తరచుగా మరోచోటి స్నాయువును తెచ్చి అమర్చుతారు.