ఖాళీ ఇంటికి చలికోటు

ఇంగ్లీషులో 'వింటరైజ్' అని ఒక క్రియ ఉంది. తెలుగులో దానికి సరిపోయే మాట లేదు, మనకెప్పుడూ ఆ అవసరం రాలేదు కనక. విచిత్రం ఏమిటంటే ఆ ఒక్క మాటకీ రెండు ఎదురెదురు అర్థాలున్నాయి. సరస్సు ఒడ్డున ఉన్న వేసవి ఇంటిని వింటరైజ్ చేశారంటే, గోడల్లో ఇన్సులేషన్ కూరి, హీటర్ పెట్టి, మంచు కురిసే నెలల్లో కూడా మనుషులు ఉండగలిగేలా చేశారని. ట్రావెల్ ట్రైలర్‌ని వింటరైజ్ చేశారంటే మాత్రం, గొట్టాల్లో చుక్క నీరు లేకుండా ఖాళీ చేసి, ఆ నెలల్లో అందులో ఎవరూ ఉండలేకుండా చేశారని.

ట్రావెల్ ట్రైలర్ అంటే కారుకో పికప్ ట్రక్కుకో తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు. సొంత ఇంజను ఉండదు గానీ మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూము ఉంటాయి. ఒహాయోలో మాకొకటి ఉంది. 17 అడుగులది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అక్టోబరు వచ్చిందంటే మావారూ నేనూ ఒక శనివారం దానికే కేటాయిస్తాం. ఆ పని చేస్తూ చేస్తూనే ఈ బండ్ల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటే. ఇది చలికాలంలో మూసిపెట్టే వస్తువుగా ఎప్పుడు మారింది? ఎందుకంటే మొదట్లో అలా లేదు.

మొదట్లో చలికి ఒకటే మందు: పారిపోవడం. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక అమెరికా ఉత్తరాది రాష్ట్రాల వాళ్లు ఫోర్డు కార్లకి గుడారాలూ చెక్కపెట్టెలూ తగిలించుకుని, మంచు పడకముందే ఫ్లోరిడాకి దిగిపోయేవాళ్లు. 1919లో టాంపాలోని డిసోటో పార్కులో వీళ్లంతా కలిసి 'టిన్ కాన్ టూరిస్ట్స్' అని సంఘం పెట్టుకున్నారు. కారు రేడియేటర్ మూతకి అతికించిన ఖాళీ డబ్బానే వాళ్ల గుర్తు. డబ్బాల్లో తిండి తెచ్చుకుని ఊళ్లో పైసా ఖర్చుపెట్టరని స్థానికులకి కోపం. ఒక చొక్కాతోనూ ఒక ఇరవై డాలర్ల నోటుతోనూ వస్తారు, చలికాలమంతా రెండూ మార్చరు, అని అప్పట్లో ఒక జోకు ఉండేది. అంటే అప్పటికి ట్రైలర్‌ది వలసపక్షి బతుకు. చలికాలం దాని పనికాలం. మూసిపెట్టే ప్రసక్తే లేదు.

1929లో డెట్రాయిట్‌లో ఆర్థర్ షెర్మన్ అనే బాక్టీరియాలజిస్టు కుటుంబంతో విహారానికి వెళ్తూ మడతపెట్టే గుడారపు ట్రైలర్ ఒకటి కొన్నాడు. నిమిషాల్లో విప్పేయొచ్చని చెప్పి అమ్మారు. వాన పట్టుకుంది, గుడారం సమయానికి విచ్చుకోలేదు, అందరూ తడిసి ముద్దయ్యారు. ఆ చిరాకులో ఆయన గట్టి గోడలున్న పెట్టెలాంటి ట్రైలర్ చేయించుకున్నాడు. పిల్లలు దానికి 'కవర్డ్ వేగన్' అని పేరుపెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే గూడుబండి. ఆ పేరుతోనే కంపెనీ పెట్టాడు. 1936 నాటికి దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ట్రైలర్లు తయారుచేసే కంపెనీ అదే.

గట్టి గోడలు వచ్చాక రెండో రకం మనుషులు వచ్చారు. మాంద్యం రోజుల్లో ఉద్యోగం పోయి, ఇల్లు పోయి, పని ఎక్కడుంటే అక్కడికి గూడుబండి లాక్కెళ్లినవాళ్లు. వీళ్లకి ఫ్లోరిడా లేదు. చలికాలం ఎక్కడ పట్టుకుంటే అక్కడే, బొగ్గు పొయ్యో కిరసనాయిలు పొయ్యో వెలిగించుకుని ఉండిపోవాలి. రోజర్ బాబ్సన్ అనే ప్రసిద్ధ ఆర్థిక జోస్యుడు ఇరవై ఏళ్లలో అమెరికాలో సగం జనాభా ట్రైలర్లలోనే ఉంటుందని ఆ రోజుల్లోనే అన్నాడు. ఆ జోస్యం ఫలించలేదు గానీ, విన్న పురపాలక సంఘాలకి మాత్రం వణుకు పుట్టింది. చక్రాలమీద ఉన్న ఇంటికి ఆస్తిపన్ను ఎవరు కడతారు? అందులో పిల్లలు మా బడికి వస్తే ఖర్చు ఎవరిది?

1936లోనే మిషిగన్‌లో ఈ తగువు కోర్టుకెక్కింది. ఆర్చర్డ్ లేక్ దగ్గర ఒకతను సరస్సు ఒడ్డున ట్రైలర్ నిలిపాడు. నివాసగృహం ఫలానా కొలతలకి తగ్గకూడదని ఊరి నిబంధన. నాది ఇల్లు కాదు, బండి అని అతని వాదన. పడుకోవడానికీ వండుకోవడానికీ ఏర్పాట్లున్నది ఏదైనా నివాసమే, కింద చక్రాలున్నా లేకపోయినా, అని తీర్పు వచ్చింది. పైకి చూస్తే ట్రైలర్‌కి దక్కిన గౌరవంలా ఉంటుంది. నిజానికి దాన్ని ఇల్లు అన్నది ఊళ్లోంచి తప్పించడానికి. ఇల్లయితే ఇంటి కొలతలు ఉండాలి, అవి లేవు కనక వీల్లేదు.

యుద్ధం వచ్చేసరికి అదే ప్రభుత్వాలకి అవే ట్రైలర్లు కావలసివచ్చాయి. మిషిగన్‌లో ఇప్సిలాంటీ పక్కన విల్లో రన్ దగ్గర ఫోర్డు కంపెనీ బి-24 బాంబర్ల కర్మాగారం పెట్టింది. పదుల వేల మంది పనివాళ్లు వచ్చిపడ్డారు, ఇళ్లు లేవు. ప్రభుత్వమే ట్రైలర్లు వేల సంఖ్యలో కొని వరసలు వరసలుగా నిలబెట్టింది. వాటిలో కొళాయి లేదు, మరుగుదొడ్డి లేదు. బకెట్టు పట్టుకుని ఉమ్మడి స్నానాలగదికి మంచులో నడవాలి. మిషిగన్ చలి ఎలా ఉంటుందో దానికి పొరుగున ఉన్న మాకు తెలుసు. జనవరిలో చెత్తబుట్ట బయటపెట్టి వచ్చేలోపే వేళ్లు కొంకర్లు పోతాయి. అలాంటి చోట పిల్లల్ని పెట్టుకుని చలికాలాలు గడిపారు. వాళ్లకి వింటరైజ్ అంటే మొదటి అర్థం ఒక్కటే: కిటికీ సందుల్లో కాగితం కూరడం, బండి కింద గాలి దూరకుండా చుట్టూ చెక్కలు కొట్టడం, మనిషి బతికేలా చూడడం.

మరి రెండో అర్థం ఎక్కడినించి వచ్చింది? నాకు తోచినంతలో రెండు కారణాలు. ఒకటి చట్టం, రెండోది కొళాయి.

1954లో విస్కాన్సిన్‌లోని మార్ష్‌ఫీల్డ్‌లో ఎల్మర్ ఫ్రే అనే తయారీదారు పది అడుగుల వెడల్పున్న ట్రైలర్ చేశాడు. అప్పటికి రోడ్డుమీద మామూలుగా లాక్కెళ్లడానికి ఎనిమిది అడుగులే హద్దు. పది అడుగులది కదిలించాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అంటే ఒక్కసారి తెచ్చి నిలబెడితే ఇక కదలదు. రెండడుగుల తేడా ఒక వంశాన్ని రెండుగా చీల్చింది. వెడల్పుది 'మొబైల్ హోమ్' అయింది. పేరులో కదలిక ఉంది గానీ కదలదు, పేదవాళ్లు ఉండే ఇల్లు. సన్నది 'ట్రావెల్ ట్రైలర్' అయింది. కదులుతుంది, కానీ అందులో ఎవరూ కాపురం ఉండరు. ఇల్లున్నవాళ్లు సెలవులకి వాడుకునే రెండో ఇల్లు.

అదే ఏడాది 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్' సినిమా వచ్చింది. లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ కొత్త దంపతులుగా 36 అడుగుల ట్రైలర్ వెనకేసుకుని పడే తిప్పలన్నీ అందులో హాస్యం. విల్లో రన్‌కి పదేళ్లు దాటిందో లేదో, చక్రాల ఇల్లు నవ్వుకునే వస్తువైపోయింది.

ఇక కొళాయి. యుద్ధానికి ముందు ట్రైలర్లలో ఉంటే గింటే చేత్తో కొట్టే చిన్న పంపూ, మంచుగడ్డ పెట్టుకునే పెట్టే ఉండేవి. గడ్డకట్టి పగిలేంత సరంజామా లేదు. 1950ల చివరికి వేణ్ణీళ్ల ట్యాంకు, షవరు, లోపలే మరుగుదొడ్డి, వాటన్నిటికీ గోడల వెనక గొట్టాలు వచ్చాయి. సౌకర్యంతోపాటే భయమూ వచ్చింది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. మూసిన గొట్టంలో ఆ ఉబ్బుకి చోటుండదు. పంపు చిట్లుతుంది, కొళాయి మెడ విరుగుతుంది. చిట్లిన సంగతి ఏప్రిల్‌లో నీళ్లు వదిలేదాకా తెలియదు.

అందుకే ఈ క్రతువు. ముందు మంచినీళ్ల ట్యాంకూ, మురుగు ట్యాంకులూ ఖాళీ చెయ్యాలి. వేణ్ణీళ్ల ట్యాంకు చల్లారాక, లోపలి ఒత్తిడి వదిలించి, అడుగు బిరడా విప్పాలి. దాన్ని దాటి ప్రవాహం పోయేలా బైపాస్ మీటలు తిప్పాలి, లేకపోతే ఆ ఆరు గ్యాలన్ల ట్యాంకే మొత్తం మందు తాగేస్తుంది. మందంటే గులాబీరంగు యాంటీఫ్రీజ్, ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసింది. కారు రేడియేటర్లో పోసే మామూలు రకం ఇథిలీన్ గ్లైకాల్, అది విషం. తాగే నీటి గొట్టాల్లోకి అది పనికిరాదు. పంపు ఆన్ చేసి, ఒక్కో కొళాయీ తిప్పి, గులాబీరంగు కనపడేదాకా వదలాలి. సింకు కింది వంపుల్లోనూ కాస్త పొయ్యాలి.

బ్యాటరీ తీసి ఇంటికి తెచ్చుకోవాలి. ఛార్జి అయిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో నీటిపాలే ఎక్కువ, తొందరగా గడ్డకట్టేస్తుంది. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచాలి, లేకపోతే బూజు. టైర్ల కింద చెక్కలు. చుంచెలుకలు చిటికెనవేలంత సందున్నా దూరతాయి. గిన్నెలు తోమే స్టీలు పీచు ఆ సందుల్లో కుక్కాలి, అది కొరకలేవు. చివరగా తొడుగు. నీలం టార్పాలిన్ చవకే, కానీ లోపలి చెమ్మ బయటికి పోనివ్వదు, గాలికి కొట్టుకుని రంగు గీరేస్తుంది. గాలి ఆడే బట్ట కావాలి. అంటే ఊపిరాడే కోటు.

మా కాలనీ సంఘం ఇంటిముందు ట్రైలర్ కనపడకూడదంటుంది. 1936 నాటి ఊళ్ల భయమే ఇది, కాస్త మర్యాదగా. అందుకని ఒక రైతు పాత గాదె వెనక నడిపే నిలవ స్థలంలో నెలనెలా అద్దె కట్టి పెడతాం. అమ్మ తెనాలినించి వచ్చినప్పుడు ఆ శనివారం మాతోపాటు వచ్చింది. మడతకుర్చీలో శాలువా కప్పుకుని కూచుని అంతా చూసింది.

"ఇల్లుండగా ఇంకో ఇల్లు కొని, ఎవరూ లేని ఇంటికి అద్దె కూడా కడుతున్నారుటే?"

"పాడైపోకుండా అమ్మా. వేసవిలో తిరగడానికి."

"దీపం పెట్టని ఇల్లు ఇల్లెట్లా అవుతుంది. దానికి కోటొకటి."

అమ్మ వెక్కిరించలేదు, నిజంగానే అడిగింది. ఎదురుగా అలాంటివి అరవై దాకా ఉన్నాయి, తెల్లటి తొడుగులు కప్పుకుని. ఒక్కోదాంట్లో మంచం, పొయ్యి, దుప్పట్లు.

ఆ స్థలం ఒప్పందంలో ఒక షరతుంది: ఇందులో రాత్రి ఎవరూ నిద్రించకూడదు. ఆ షరతు ఎందుకో స్థలం చూసుకునే పెద్దాయన చెప్పాడు. ఒక జనవరిలో చివరి వరసలో ఒక తొడుగు కింద పొగ కనపడిందట. సొంత ట్రైలర్లోనే పడుకుంటున్నాడు దాని యజమాని. అపార్టుమెంటు పోయింది, వేరే చోటు లేదు. మూసిన ట్రైలర్లో గ్యాసు పొయ్యి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడుతో ప్రాణం పోవచ్చు కనక పెద్దాయన అతన్ని పంపించెయ్యక తప్పలేదు. "సామాను ఉండొచ్చు, మనిషి ఉండకూడదు, నేనేం చెయ్యను," అన్నాడు.

ఆయన చెప్పిన ప్రమాదం నిజమే. ట్రావెల్ ట్రైలర్ గోడలు పల్చన, గాలి కదలిక తక్కువ. సెలవులకోసం కట్టిన పెట్టెలో సంవత్సరాలు కాపురం పెడితే ఏమవుతుందో 2005లో కత్రినా తుపాను తరవాత తేలింది. ప్రభుత్వం వేలాది కుటుంబాలని ట్రావెల్ ట్రైలర్లలో ఉంచింది. చెక్కల జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్‌తో దగ్గులు, కళ్లమంటలు మొదలయ్యాయి. 2008లో ప్రభుత్వ ఆరోగ్యసంస్థే కొలిచి, మామూలు ఇళ్లకన్నా ఎక్కువ ఉందని ఒప్పుకుంది. వేసవి వచ్చేలోపు అందరినీ బయటికి తరలించాలంది. ఉండడానికి కాదని చట్టం చెప్పిన దాంట్లో ఉండమని ప్రభుత్వమే చెప్పింది, విల్లో రన్‌లో చెప్పినట్టే.

కరోనా కాలంలో ఈ బండ్లకి గిరాకీ ఎక్కడలేనంత పెరిగింది. 2021లో ఉత్తర అమెరికా ఫ్యాక్టరీలనించి 6 లక్షల పైచిలుకు వాహనాలు బయటికొచ్చాయి, అందులో ఎక్కువ భాగం లాక్కెళ్లే రకాలే. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా యెల్లోస్టోన్ ఫొటోలు, ఏ ట్రక్కు ఎంత బరువు లాగుతుందన్న చర్చలు అప్పటినించే. అదే సమయంలో, జెస్సికా బ్రూడర్ పుస్తకంలోంచి వచ్చిన 'నోమాడ్‌లాండ్' సినిమాలో చూపించినట్టు, ఇల్లు నిలుపుకోలేక వ్యాన్లలోనూ ట్రైలర్లలోనూ బతికే పెద్దవయసువాళ్లు చలికి ఆరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ ఎడారికి చేరుతున్నారు. టిన్ కాన్ టూరిస్టుల దారే అది. ఈసారి సరదాకి కాదు.

ట్రైలర్ని మూసిపెట్టడం తప్పని నేననడం లేదు. గొట్టం పగిలితే ఏ పేదవాడికీ ఒరిగేదేం లేదు. వచ్చే అక్టోబరులో కూడా గులాబీమందు పోస్తాం, స్టీలు పీచు కుక్కుతాం. కానీ ఒక మాట రెండు అర్థాల్లో ఏది మోస్తుందన్నది వాతావరణాన్నిబట్టి తేలలేదని చరిత్ర చదివాక తెలిసింది. మిషిగన్లో చలి 1943లోనూ అంతే, ఇప్పుడూ అంతే. గోడలు మందంగా కట్టాలా, నీళ్లు వదిలేసి తాళం వెయ్యాలా అన్నది మనుషులు తీసుకున్న నిర్ణయం. రెండడుగుల వెడల్పుతో, ఊరి కొలతలతో, ఒప్పందంలో ఒక షరతుతో. ఆ స్థలంలో అరవై ఇళ్లకి కోట్లున్నాయి. చివరి వరసలో పడుకున్నతను ఆ రాత్రి ఎక్కడికెళ్లాడో పెద్దాయన అడగలేదట.