ముంబయి నగరపు పాత టాక్సీ

ముదిసిన యెద్దును కాడినుండి విడిపించుట రైతునకెంత కష్టమో మీరెఱుగుదురు. ముంబయి టాక్సీ తోలువారికిని అట్టి కష్టమే వచ్చినది.

ఇటలీదేశపు ఫియట్ నమూనాననుసరించి నాటి బొంబాయిలోని కుర్లా కర్మాగారమున తయారగుచుండిన మోటారుకారునకు 1974లో ప్రీమియర్ పద్మిని యను పేరు వచ్చెను. నలుపు పసుపు రంగులు దాల్చి, నెత్తిన సామానుల చట్రము మోయుచు, అది దశాబ్దములపాటు వేలకొలది కుటుంబములకు కూడు పెట్టెను. ఈ శతాబ్దారంభమున దాని తయారీ నిలిచెను. విడిభాగములు దుర్లభములై, మరమ్మతు వ్యయము పెరిగెను. టాక్సీలకు ఇరువదేండ్ల వయోపరిమితి యుండుటచే, 2003 అక్టోబరు 29న నమోదైన కడపటి పద్మిని 2023 అక్టోబరుతో వీథి విడిచెను.

దాని స్థానమున ఇరుకు వీథులలో సులువుగా మఱలు చిన్న కార్లు వచ్చినవి. అవి ప్రయాణికులకు సుఖమే. కాని వాని వెల చెల్లించు భారము తోలువానిదే గదా! పాతదానిపై మమకారము దోషము కాదు. అయినను బ్రతుకు నడుపు పనిముట్టును ఆదాయవ్యయములతో తూచవలెను. అట్లే, పాతబండిని విడువుమని శాసించువారు క్రొత్తదానికి ఋణము దొరకు త్రోవయు చూపుట ధర్మము.