గ్రామ లెక్కలు నేర్పే పత్ర నియంత్రణ పాఠం

నాణ్యతా నిర్వహణ కోసం ఒక సంస్థ పత్ర నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం ఈనాటి పనిలా కనిపిస్తుంది. అయితే ఏది అసలు ప్రతి, దాన్ని ఎవరు మార్చవచ్చు, బాధ్యుడు మారితే అది ఎవరికి చేరాలి అనే మూడు ప్రశ్నలు పాతవే. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు గ్రామ లెక్కల చరిత్రలో వాటిని పరిశీలిద్దాం.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలను కొలిపించి శిస్తు నిర్ణయించాడు. తరవాతి కాలంలో స్థిరపడిన పద్ధతిని గమనించండి. విస్తీర్ణానికి, శిస్తుకు సెటిల్‌మెంట్ రిజిస్టరు ఆధారం; కరణం దాన్ని తన ఇష్టప్రకారం దిద్దరాదు. ఏ చేనులో ఎవరు ఏ పంట వేశారో ఏటా అడంగల్‌లో రాసేవారు. జమాబందీలో పై అధికారులు ఆ లెక్కలను తనిఖీ చేసేవారు. అంటే ఆధారపత్రం, రికార్డు, తనిఖీ మూడూ వేరువేరుగా ఉండేవి. 1987లో తొలిసారి వెలువడిన ఐఎస్‌ఓ 9001 ప్రమాణం కూడా సంస్థల నుంచి ఇలాంటి క్రమాన్నే కోరుతుంది.

ఈ పద్ధతిలో లోపమూ ఉంది. లెక్కలు వంశపారంపర్య కరణాల చేతిలో ఉండేవి. 1984లో ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసినప్పుడు లెక్క తెలిసిన మనిషి తప్పుకున్నాడు. కాగితాల కట్ట కార్యాలయానికి పూర్తిగా చేరకపోతే నష్టపోయేది రైతే. తన చేను తనదని చూపడానికి ఆధారం ఉండదు.

ఇప్పుడు మార్కాపురంలో ఒక పలకల కర్మాగారం ఉందనుకోండి. కొనుగోలుదారు పలక మందం మార్చమన్నాడు. కోత యంత్రం దగ్గర పాత కొలతల కాగితమే ఉంటే సరుకంతా తిరిగి వస్తుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ ధర అడిగే ముందు ఇవి చూడాలి: పనివారికి తాజా ప్రతి ఒక్కటే కనబడుతుందా? మార్పు ఎవరు చేశారో, ఎవరు ఆమోదించారో నమోదవుతుందా? పాత ప్రతులు భద్రంగా ఉంటాయా? ఆ సాఫ్ట్‌వేర్‌ను వదిలేసిన రోజున పత్రాలన్నీ సంస్థ చేతికి వస్తాయా? చివరి ప్రశ్న 1984 నేర్పిన పాఠమే. ఐఎస్‌ఓ 9001 సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అనలేదు. చిన్న సంస్థకు సక్రమంగా నడిపే రిజిస్టరు కూడా చాలవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: సెటిల్‌మెంట్ రిజిస్టరుకు, అడంగల్‌కు గల తేడాను మీరు పనిచేసే చోటి రెండు కాగితాలతో పోల్చి వివరించండి.