నగర్తపేట రోడ్డు పని: మట్టి దిమ్మె నుంచి టెండరు కాగితం దాకా

పొడుగు పోస్టే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన గుంపులో ఏడాదికి రెండుసార్లు ఒకే ప్రశ్న వస్తుంది. కరగకు ముందు ఒకసారి, వానలు మొదలయ్యాక ఇంకోసారి. "ఈ రోడ్డు పని ఎవరికిచ్చారండీ?" కాంట్రాక్టరు పేరు తెలిస్తే తిట్టుకోవడానికి పనికొస్తుందేమో గానీ, గుంత పూడదు. పని ఏ పద్ధతిలో ఇచ్చారు, చేసిన పనిని ఎవరు కొలిచారు, తర్వాత ఎన్నాళ్లు ఎవరు చూసుకోవాలి అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. వీటి వెనక పెద్ద చరిత్రే ఉంది. అందులో తెలుగువాళ్ల చెమట చాలా ఉంది. అందుకే రాస్తున్నాను.

1537లో కెంపేగౌడ కట్టించిన పేటలో దొడ్డపేట, చిక్కపేట కూడలే నడిబొడ్డు. దొడ్డపేటనే ఇప్పుడు అవెన్యూ రోడ్డు అంటున్నాం. నగర్త వర్తకుల పేరు మీద వచ్చింది మన పేట. ఎద్దుబండ్లు, గాడిదలు, తలమీద మూటలు, వీటికి సరిపడా వేసిన సందులివి. ఇప్పుడు వాటిలోనే బట్టల లోడు దిగుతుంది, ఆటోలు తిరుగుతాయి, చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి ద్రౌపది కరగ బయలుదేరుతుంది. వీధి వెడల్పు పెరగలేదు, బరువు మాత్రం పెరిగింది.

1850 నాటి చట్టం కింద 1862లో పేటకు ఒకటి, దండు ప్రాంతానికి ఒకటి, విడివిడిగా మునిసిపల్ బోర్డులు ఏర్పడ్డాయి. అంతకుముందే 1856లో, కమిషనర్ మార్క్ కబ్బన్ కాలంలో, మైసూరు సంస్థానంలో ఇంజనీర్లతో పబ్లిక్ వర్క్స్ శాఖ పెట్టారు. దానికి ముందు చెరువులూ దారులూ చూసిన విభాగాన్ని మరామత్ అనేవారు. మనం మరమ్మతు అంటున్న మాటే. పేరు చూడండి: కొత్తగా కట్టడం కాదు, ఉన్నదాన్ని బాగుచేయడమే ఆ శాఖ పని. ఆ తర్వాత వచ్చిన శాఖ పేరులో మరమ్మతు అన్న మాట పోయింది. బుద్ధిలోంచి కూడా కొంత పోయిందని నా అనుమానం.

కొత్త కట్టడానికి పేరొస్తుంది. అట్టార కచేరి, అంటే ఇప్పటి హైకోర్టు భవనం, కాంట్రాక్టు తీసుకుని 1868కి పూర్తిచేసిన ఆర్కాట్ నారాయణస్వామి మొదలియార్ పేరు ఈనాటికీ ఆయన పెట్టిన విద్యాసంస్థల మీద ఉంది. గుంత పూడ్చినవాడి పేరు మాత్రం ఏ గోడ మీదా లేదు.

ఆ రోజుల్లో మంచి రోడ్డంటే కంకర రోడ్డు. బ్రిటన్‌లో జాన్ మెకాడమ్ చెప్పిన పద్ధతి అది. పెద్ద బండలు పరవడం కాదు, చిన్నగా కొట్టిన రాళ్లను పొరలుగా వేసి దిమ్మిస చేస్తే, వాటి అంచులు ఒకదానితో ఒకటి బిగుసుకుంటాయి. ఒక్కో రాయి ఆరు ఔన్సులు, అంటే సుమారు 170 గ్రాములు దాటకూడదు. రోడ్డు బలమంతా రాయి సైజు మీదే ఉంటుంది. మరి రాయి కొట్టేదెవరు?

మన దక్షిణాదిలో ఆ చేయి ఎక్కువగా వడ్డెరలది. 1909లో వచ్చిన ఎడ్గర్ థర్‌స్టన్ పుస్తకంలో వాళ్ల గురించి వివరంగా ఉంది: తెలుగు మాట్లాడతారు, రాయి తీస్తారు, బావులు తవ్వుతారు, చెరువు కట్టలు వేస్తారు, రోడ్లు వేస్తారు. రాతి పని చేసేవాళ్లు కల్లు వడ్డెరలు, మట్టి పని చేసేవాళ్లు మన్ను వడ్డెరలు. కర్ణాటకలో వీళ్లే భోవులు, ఇక్కడ షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణల్లో బీసీ-ఏ. సరిహద్దు దాటితే అదే కుటుంబానికి వేరే సర్టిఫికెట్టు.

ఇక కొలత సంగతి. మట్టి పనికి కూలి రోజుకింతని కాదు, తవ్విన ఘనపరిమాణానికి ఇంతని. మరి తవ్వేశాక అక్కడ ఎంత లోతు మట్టి ఉండేదో ఎలా తెలుస్తుంది? గుంత నడుమ అక్కడక్కడా ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేసేవారు. కొలతకు వచ్చినవాడు ఆ దిమ్మె ఎత్తు చూసి లోతు లెక్కగట్టేవాడు. కొలత అయ్యాకే దాన్ని తీసేవారు. కంకరైతే రోడ్డు పక్కన చదరంగా కుప్ప పోసి, పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాకే పరిచేవారు. మోసం జరగలేదని కాదు. కుప్ప లోపల మట్టి పోసి పైన కంకర పేర్చినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కానీ పని చేసినవాడికీ, డబ్బిచ్చేవాడికీ, దారిన పోయేవాడికీ కొలత కళ్లెదుట ఉండేది.

తారు వచ్చాక అది పోయింది. పరిచిన తారు ఎంత మందమో పై నుంచి చూస్తే తెలియదు. లెక్క ఇంజనీరు రాసే మెజర్‌మెంట్ బుక్కులోకి వెళ్లిపోయింది.

చిన్న లెక్క వేద్దాం. మన సందు ఒకటి 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అనుకోండి. 40 మిల్లీమీటర్ల మందం తారు పొర వేయాలంటే 16 ఘనమీటర్ల మిశ్రమం కావాలి. 30 మిల్లీమీటర్లే వేస్తే 12 చాలు. మిగిలిన నాలుగు ఘనమీటర్లు తూకంలో తొమ్మిది టన్నులకు పైనే. ఒక చిన్న సందులో, ఒక సెంటీమీటరు తేడాకి అంత. మొదటి రోజు రెండూ ఒకేలా నల్లగా నిగనిగలాడతాయి.

ఇప్పుడు టెండరు దగ్గరికి వద్దాం. 1998లో తమిళనాడు టెండర్ల పారదర్శకత చట్టం చేసింది. వెంటనే కర్ణాటకా చేసింది, కె.టి.పి.పి. చట్టం. పేరులో 1999 ఉన్నా అమల్లోకి వచ్చింది 2000 అక్టోబరులో. టెండరు ప్రకటన బహిరంగంగా ఉండాలి, పోటీదారులకు తగినంత గడువు ఇవ్వాలి, అర్హుల్లో తక్కువ ధర వేసినవారికే పని ఇవ్వాలి, అన్యాయం జరిగిందనుకున్నవారు అప్పీలు చేసుకోవచ్చు. మొదటి నిబంధనల ప్రకారం 2 కోట్ల లోపు పనికి 30 రోజులు, ఆపైన 60 రోజులు గడువు. తగ్గించాలంటే పై అధికారి కారణం రాతపూర్వకంగా చూపాలి.

అంతకుముందు ఎలా ఉండేదో మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆఫీసులో టెండరు పెట్టె. పెట్టె చుట్టూ మనుషులు. కాంట్రాక్టర్లంతా రింగయి ఈసారి నీకు, వచ్చేసారి నాకు అని పంచుకోవడం, బయటివాడు వస్తే షెడ్యూలు వేయనివ్వకపోవడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ బాధ పడలేకే 2003లో ఆన్‌లైన్ టెండర్లు మొదలుపెట్టారు. కర్ణాటకలో 2007లో వచ్చాయి. పెట్టె దగ్గర కాపలా కాసే అవసరం తప్పింది, ఇది నిజంగా మంచి మార్పే.

అయితే ఈ చట్టమంతా పని ఎవరికివ్వాలి అన్న చోట గట్టిగా ఉంటుంది. ఇచ్చాక ఏం జరిగిందన్నది మళ్లీ ఆ బుక్కు చేతుల్లోనే. 2011 ప్రాంతంలో పాలికె సొంత విజిలెన్స్ విభాగమే మల్లేశ్వరం, గాంధీనగర, రాజరాజేశ్వరినగర విభాగాల్లో 1,539 కోట్ల రూపాయల మేరకు బిల్లుల్లో అక్రమాలున్నాయని నివేదిక ఇచ్చింది. కేసు సీఐడీ దాకా వెళ్లింది. కాగితం మీద టెండరు ఉంది, బిల్లు ఉంది, కొలత ఉంది. రోడ్డు ఉందా అన్నదే ప్రశ్న.

ఇంకో దారి కూడా ఉంది, 4(జి). ప్రభుత్వం ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చి టెండరు లేకుండానే పని అప్పగించే వీలు ఈ సెక్షన్ ఇస్తుంది. వరదో, విపత్తో వస్తే అవసరమే. కానీ రోడ్డు గుంతలు పూడ్చే మామూలు పనికి అత్యవసరం ఎక్కడి నుంచి వస్తుంది? జూన్‌లో వానలొస్తాయని మనకు జనవరిలో తెలియదా? కరగ ఏ రోజో పంచాంగంలో ఏడాది ముందే ఉండదా?

ఒక మంచి మాటా చెప్పాలి. 2017లో అమల్లోకి వచ్చిన సవరణతో 50 లక్షల లోపు పనుల్లో 17.15 శాతం ఎస్సీ, 6.95 శాతం ఎస్టీ కాంట్రాక్టర్లకు కేటాయించారు. 2023లో పరిమితిని కోటికి పెంచారు. మన వార్డు సందుల పనులు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. తాతలు రాయి కొట్టిన వీధికి మనవలు తమ పేరుతో టెండరు వేసుకునే వీలు దొరికింది. పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది కాకుండా చూసుకుంటేనే దానికి అర్థం.

మన పేటకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి.

మొదటిది, పొర మీద పొర. పాతది గీకకుండా కొత్తది వేసుకుంటూ పోవడం వల్ల వీధి మట్టం పెరిగింది. పాత ఇళ్లకు ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లేవాళ్లం, ఇప్పుడు కొన్నిటికి దిగి వెళ్తున్నాం. వాన నీళ్లూ అలాగే దిగి వెళ్తున్నాయి. టెండరులో పాత పొర గీకే పని రాసి ఉందో లేదో పని మొదలవకముందే చూడాలి. వేశాక అడిగితే లాభం లేదు.

రెండోది, డిఫెక్ట్ లయబిలిటీ. వేసిన రోడ్డు ఇన్నేళ్లలోపు చెడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలన్న షరతు. వినడానికి బాగుంటుంది. కానీ మన సందులో నీళ్ల పైపు కోసం జలమండలి తవ్వుతుంది, కేబుల్ కోసం బెస్కాం తవ్వుతుంది, ఇంకెవరో ఇంటర్నెట్ వైరుకు తవ్వుతారు. ఒక్కసారి ఎవరైనా తవ్వారంటే కాంట్రాక్టరు చేతులు దులుపుకుంటాడు, "నా రోడ్డు బాగానే ఉంది, వాళ్లు పాడుచేశారు" అని. అతని మాటలో నిజం లేకపోలేదు. టెండర్‌ష్యూర్ పద్ధతి వచ్చింది అందుకే: పైపులకూ వైర్లకూ కిందే దారి పెట్టి, తర్వాతే పైన రోడ్డు వేయడం. విఠల్ మల్య రోడ్డులో అది చూశాం. నాలుగు మీటర్ల సందులో అది పూర్తిగా కుదరదు, కానీ తవ్వే శాఖలన్నీ ఒకే నెలలో తవ్వుకుని వెళ్లాకే పొర వేయడం కుదురుతుంది. దానికి డబ్బు కాదు, ఒక తేదీ కావాలి.

తారు మిశ్రమం గురించీ ఒక్క మాట. దాన్ని దాదాపు 140 డిగ్రీల వేడికి తగ్గకుండా పరవాలి. పాలికె సొంత ప్లాంటు కణ్ణూరులో, ఊరి ఈశాన్యపు అంచున ఉంది. అక్కడి నుంచి లారీ పేటలోకి వచ్చేసరికి ట్రాఫిక్‌లో ఎంతసేపు నిలబడిందో అదే మీ రోడ్డు ఆయుష్షు. అందుకే రాత్రిపూట పని చేస్తుంటే గోల అని కసురుకోకండి.

గుంతల మీద 2015 నుంచి హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం నడిచింది. వీధులు సరైన స్థితిలో ఉండడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2019లో కోర్టు చెప్పింది. అది ఒకవైపు. ఇంకోవైపు, 2020 సెప్టెంబరులో పాలికె సభ్యుల గడువు ముగిసింది, ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు. ధర్మరాయస్వామి గుడి వార్డు, నంబరు 119, సభ్యుడు లేకుండానే బిల్లులు చూసింది. 2025 సెప్టెంబరులో నగరం ఐదు కార్పొరేషన్లయి, మనం బెంగళూరు సెంట్రల్‌లోకి వచ్చాం. కొత్త ఆఫీసులు, కొత్త ఫైళ్లు. పాత రోడ్ల లయబిలిటీ కాగితాలు ఏ బీరువాలోకి వెళ్లాయో ఇప్పుడే అడక్కపోతే, గడువులు మనకు తెలియకుండానే అయిపోతాయి.

కాబట్టి వచ్చే కార్యవర్గ సమావేశంలో నా ప్రతిపాదన ఇది. సమాచార హక్కు కింద మూడు దరఖాస్తులు పెడదాం. కర్ణాటక నిబంధనల ప్రకారం ఒక దరఖాస్తుకు ఒకే విషయం, 150 మాటల లోపు, పది రూపాయల ఫీజు. అన్నీ ఒకే కాగితంలో కుక్కితే తిప్పి పంపుతారు. మన వీధుల పనుల ఒప్పందం, లయబిలిటీ గడువు ఒకటి. మెజర్‌మెంట్ బుక్కు నకలు రెండోది. మూడోదే నాకు ముఖ్యం: ఆ చట్టం 2(జె) కింద పౌరుడు పనిని తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి ధ్రువీకరించిన నమూనా తీసుకోవచ్చు. రోడ్డులోంచి గుండ్రంగా ఒక ముక్క కోసి తీస్తే పొర ఎంత మందమో స్కేలుతో కొలవచ్చు. వడ్డెరలు వదిలిన మట్టి దిమ్మె చేసిన పని అదే చేస్తుంది. దరఖాస్తులు కన్నడలో రాయడానికి ఇద్దరు, ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవాళ్లు ముగ్గురు కావాలి. ఆడవాళ్లు ముందుకొస్తే మరీ సంతోషం, గడపలోకి వచ్చే నీళ్లు తోడేది వాళ్లే కదా. పేర్లు కింద రాయండి.